అన్నయ్య కాలికి వచ్చిన సంబంధం

మొన్న మా అన్నయ్య మోకాలికి ఆపరేషన్ చేయించాం. కుర్ర డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకేసి పట్టుకుని చూసి, "కుడికాలు ఎడమకాలికంటే బాగా అరిగిందండీ. చిన్నతనంలో ఏమైనా ఆటలాడేవారా?" అని అడిగాడు. "ఆడేవాణ్ణండీ. ఈ కాలుని చూసుకోడానికి అమెరికా కాలేజీవాళ్ళు కూడా వచ్చారు," అన్నాడు అన్నయ్య. "మరి?" అన్నాడు డాక్టరు. "చూసుకుని వెళ్ళారు," అన్నాడు అన్నయ్య. మత్తుమందు అప్పుడే తలకెక్కిందనుకున్నట్టున్నాడు, డాక్టరు నాకేసి తిరిగి నవ్వాడు. అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం గనక నేను నవ్వలేదు. ఆపరేషన్ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుని, ఎన్నాళ్ళుగానో తలుచుకోని షార్జా ఇంటిని తలుచుకున్నాను. ఆస్పత్రి వాసన కూడా కొంత సాయం చేసింది. మా అమ్మ నర్సు. మాకు అమ్మ వాసనంటే డెట్టాలు వాసనే.

ఇల్లు అనడం కొంచెం గొప్పలకి పోవడమే. రోలా పేటలో ఒక మేడమీద మూడు గదులూ ఒక హాలూ ఉన్న ఫ్లాటు, అందులో ఒక గది మాది. మిగతా రెండు గదుల్లో అమ్మతో పనిచేసే నర్సులుండేవాళ్ళు. అందరూ గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళే. అందరినీ ఆంటీ అనేవాళ్ళం గనక పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండేది కాదు. డ్యూటీలు వేరువేరు కావడంతో ఆ ఇంట్లో ఏ వేళ చూసినా ఒకరు నిద్రపోతూ, ఒకరు అన్నం వండుతూ, ఒకరు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ కనపడేవాళ్ళు. అన్నయ్యా నేనూ గొంతు పెంచకుండా పోట్లాడుకోవడం అక్కడే నేర్చుకున్నాం. ఆ విద్య పెళ్ళయ్యాక నాకు బాగా పనికొచ్చింది. కిటికీలో పెట్టిన ఏసీ చప్పుడు ధారాళంగానూ చల్లదనం మొహమాటంగానూ ఇచ్చేది. ఎండుచేపలు వేయించాలంటే కింది అంతస్తు ఈజిప్షియన్ టీచరుగారు ఊళ్ళో లేని రోజు చూసుకోవాలి. నాన్న పోర్టులో స్టోర్‌కీపరు. సాయంత్రం వచ్చి స్నానం చేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద వీధిలో నడిచే ప్రతి మనిషి మీదా ఒక మాట విసిరేవాడు. నాన్న గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. మెల్లగా అన్న మాటలే ఇప్పటికీ అక్కడక్కడా గుచ్చుకుంటుంటాయి.

ఊరికి రాసినప్పుడు మాత్రం మేం దుబాయ్‌లోనే ఉన్నామని రాసేవాళ్ళం, షార్జా అంటే మా వాళ్ళకి తెలియదని. అక్కడ శుక్రవారం సెలవు గనక మా ఆదివారం శుక్రవారం వచ్చేది. పొద్దున్నే హాల్లో చాపలు పరిచి, మంచం నిలబెట్టి గోడకి ఆనించి, దానిమీద దుప్పటి కప్పితే అది చర్చి. ప్రార్థన నడిపేది దానియేలు మావయ్య. ఆయన మాకు చుట్టమేమీ కాదు. అమ్మ అన్నయ్యగారూ అంటుంది గనక మాకు మావయ్య అయ్యాడు. వారంలో ఆరు రోజులు ఒక కంపెనీలో టైమ్‌కీపరు, ఏడో రోజు పాస్టరు, అన్ని రోజులూ పెళ్ళిళ్ళ పేరయ్య. తలనిండా కొబ్బరినూనె, జేబులో దువ్వెన, చంకలో బైబిలు. ప్రార్థన చేసేటప్పుడు ఒక కన్నే మూసేవాడు, రెండో కన్ను వంటింటి గుమ్మం మీద ఉండేది. కోడికూర దించిన చప్పుడు వినపడితే ఆమెన్ త్వరగా వచ్చేది. లేదంటే ఇశ్రాయేలీయుల వెంట మేమూ ఎడారంతా నడవాల్సిందే. ఈ దేశంలో ఏ నర్సుకి ఏ టెక్నీషియన్ సరిపోతాడో దానియేలుకి తెలిసినట్టు దేవుడికి కూడా తెలియదని నాన్న అనేవాడు. పెళ్ళిచూపుల పద్ధతుల్లో మాత్రం ఆయన మాటకి ఎదురు లేదు. ఎవరు ముందు కూర్చోవాలి, స్వీటు ముందా కారం ముందా, ఎవరు ఎవరికి కబురు చెయ్యాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరిగేవి. ఆయన కుదిర్చిన జంటలన్నీ శుక్రవారం మా హాల్లోనే కూర్చునేవి గనక ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

మా అన్నయ్య ప్రభాకర్‌కి చదువంటే చాలా గౌరవం, అందుకని దాని జోలికి వెళ్ళేవాడు కాదు. స్కూలు ఫుట్‌బాల్ టీములో గోలీ. గోలీగా కూడా గొప్పవాడని చెప్పలేను, కాళ్ళ సందునుంచి బంతి పోనిచ్చి దాన్నే ఆశ్చర్యంగా చూసిన సందర్భాలున్నాయి. కానీ ఆపిన బంతిని తన్నాడంటే మాత్రం మైదానంలో ఆట ఆగిపోయి అందరూ తలెత్తి చూసేవాళ్ళు. మైదానమంటే గడ్డి ఉంటుందనుకునేరు. రోలా వెనక ఇసుక, గులకరాళ్ళు, గోలుకి రెండు వైపులా నూనె డ్రమ్ములు. అన్నయ్య ఈ చివర తంతే బంతి అవతలి డ్రమ్ములూ దాటి, రోడ్డూ దాటి, ఒక పఠాన్ నడిపే లాండ్రీ కప్పు మీద పడేది. ఆయన నిచ్చెన ఎక్కి బంతి తీసి, "ఫిర్ ఆ గయా తుమ్హారా రాకెట్!" అని తిట్టి విసిరేవాడు. శుక్రవారం సాయంత్రం అన్నయ్య ఆడుతుంటే తెల్ల చొక్కాలు కప్పు మీద ఆరేయడం మానేశాడు పాపం.

ఇదంతా సరదాగానే ఉంది గానీ, అది అన్నయ్య స్కూలు ఆఖరి ఏడాది. ఆ రోజుల్లో మావాళ్ళ పిల్లలకి అక్కడ స్కూలు దాటితే చదువు లేదు. కాలేజీకి ఇండియా వెళ్ళాలి, వెళ్ళాలంటే మార్కులు కావాలి. అన్నయ్య మార్కులు చూసి మా పెద్దమ్మ కొడుకు చదివే కాలేజీవాళ్ళు అప్లికేషను కూడా ఇవ్వనన్నారు. ఎదిగిన కొడుకుని నాన్న వీసా మీద ఎల్లకాలం ఉంచడానికీ కుదరదు. అందుకని నాన్న తన ముదీర్‌తో, అంటే మేనేజరుతో, మాట్లాడి, వేసవిలో అన్నయ్యని పోర్టు గోడౌన్లో చేర్చే ఏర్పాటు చేశాడు. పెట్టెలు లెక్కపెట్టే పని. అన్నయ్య సరే అన్నాడు. సరే అన్నప్పుడు వాడి మొహం చూసి అమ్మ ఆ రోజు డ్యూటీకి ఏమీ తినకుండా వెళ్ళింది. చదవనివాడికి కూడా కాలేజీకి వెళ్ళాలని ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

అలాంటప్పుడు వచ్చాడు గంగారాం. జగిత్యాల వైపు మనిషి, దుబాయ్ అల్ కుసైస్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడు. నూనెబావులు తవ్వే కంపెనీలో ఒక అమెరికన్ ఫోర్‌మన్‌కి పికప్ నడిపేవాడు. చేతి వేలికి దెబ్బ తగిలి అమ్మ దగ్గర కట్టు కట్టించుకున్నప్పటినుంచీ ఆమెని అక్కా అనేవాడు. ఒక రోజు మెట్లెక్కి వచ్చి, చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, గా గోలీ పోరడు నీ కొడుకే గదా? మొన్న శుక్రారం మా సాబ్ బండ్లకెల్లి సూశిండు. బండి ఆపుమన్నడు. ఎండల అట్లనే నిలబడ్డడు, నీళ్ళు గూడ అడుగలే. గసొంటి కాలు ఈడ యాడ సూడలేదంటుండు."

"అద్దం ఏమైనా పగలగొట్టాడా బాబూ?" అంది అమ్మ భయంగా.

"అద్దం గాదక్కా. సదివిపిస్తరట. అమెరికల. గా కాలుకు."

తర్వాతి శుక్రవారం ఆ ఫోర్‌మన్ మైదానానికి వచ్చాడు. హ్యారీ అని పేరు. ఎర్రగా కాలిన మెడ, బూట్లనిండా దుమ్ము. చేతిలో రెండు కొసలూ మొనదేలిన తోలుబంతి. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఎవరైనా కూర్చున్నారా?" అని మెల్లగా తెలుగులో అడిగాడు. అమెరికాలో ఫుట్‌బాలంటే అదేనట. ఆటంతా చేతులతో పట్టుకుని పరిగెత్తడం, ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకోవడమేనట. మధ్యలో ఎప్పుడో నాలుగైదు సార్లు మాత్రం ఒకడు లోపలికొచ్చి ఎత్తు గుంజల మధ్యనుంచి బంతి పోయేట్టు తన్ని, చొక్కా నలక్కుండా వెళ్ళి కూర్చుంటాడట. మన ఫుట్‌బాల్ ఆడిన కుర్రాళ్ళయితే పాదం పక్కతో తంతారు గనక బంతి ఇంకా దూరం పోతుందని అక్కడివాళ్ళు కొత్తగా కనిపెట్టి, అలాంటివాళ్ళ కోసం వెతుకుతున్నారట. హ్యారీ తను చదివిన కాలేజీ పేరు చెప్పాడు. ఎండ, దుమ్ము, చర్చిలు తప్ప ఇంకేమీ లేని ఊరని కూడా చెప్పాడు. మాకేమీ కొత్తగా అనిపించలేదు. అన్నయ్య ఆ బంతిని ఇసుకలో నిలబెట్టి తన్నాడు. అది లాండ్రీ కప్పు కూడా దాటిపోయింది. పఠాన్ బయటికొచ్చి ఆకాశంలోకి చూసి, ఈసారి తిట్టడం మర్చిపోయాడు.

ఆ సాయంత్రం నాన్న బాల్కనీలో చాలాసేపు ఆలోచించాడు. "చదవనందుకు తన్నడం చూశాను. నేనూ తిన్నాను. తన్నినందుకు చదివించడం ఎక్కడా వినలేదు," అన్నాడు. కానీ ఆయన నవ్వుతున్నాడు. అన్నయ్య ఆ బంతిని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడిలో ఏదో ఒకటి బాగుందని బయటివాళ్ళు చెప్పడం అదే మొదటిసారి.

క్రిస్మస్‌కి హ్యారీని చూడ్డానికి ఆ కాలేజీ కోచే వస్తున్నాడని, ఒంటెల్నీ ఎడారినీ చూసి, పనిలో పనిగా మా అన్నయ్యని కూడా చూస్తాడని కబురొచ్చింది. కాలు చూశాక ఇంటికి వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడటం వాళ్ళ ఆనవాయితీయట. కుర్రాడు ఎలాంటి ఇంటినుంచి వస్తున్నాడో చూసుకుంటారట. ఇది విన్న దానియేలు మావయ్య కళ్ళు మెరిశాయి. "ఆటగీట అంటారేంటమ్మా చెల్లెమ్మా! ఇవి చూపులే. మగపిల్లాడికి రావడం మనకి కొత్త గానీ, పద్ధతి పద్ధతే. నాకు వదిలెయ్యండి," అన్నాడు. అమ్మ వదిలేసింది. మా ఇంట్లో పెద్దరికం చెయ్యడానికి ఇంకెవరూ లేరు మరి.

ఇక చూడాలి మా ఇంటి హడావిడి. ఆంటీలందరూ డ్యూటీలు మార్చుకున్నారు. అరిసెలొకరు, కజ్జికాయలొకరు, మిరపకాయ బజ్జీలొకరు. అన్నయ్యకి తెల్ల ప్యాంటు కుట్టించి, మొహానికి పౌడరు రాసి, ముందుగా హాల్లోకి రాకూడదని వంటింట్లో కూర్చోబెట్టారు. అన్నయ్య ఆ పొగలో చెమటలు కక్కుతూ, "నేనెందుకే లోపల కూర్చోవాలి?" అని నన్నడిగాడు. "రేపు నాకూ ఇంతే," అన్నాను. అమ్మ వచ్చి, "పాడమంటారేమోరా, ఒక కీర్తన సిద్ధంగా పెట్టుకో," అంది. బంతి తన్నేవాణ్ణి పాడమని ఎవరడుగుతారని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

కోచ్ నిజంగా పెద్దమనిషి. గుమ్మం పట్టనంత మనిషి, మైదానంలో అన్నయ్య తన్నడం చూసుకుని, హ్యారీతో కలిసి టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. చాప మీద కూర్చోబోతే ఆంటీలు కుర్చీలోకి తోశారు. బజ్జీ మొత్తం ఒక్కసారి నోట్లో పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే, "వెరీ నైస్," అన్నాడు. అప్పుడు అన్నయ్యని తీసుకొచ్చారు. కోచ్ లేచి షేక్‌హ్యాండిచ్చి, భుజాలు తట్టి, అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు, నాలుగడుగులు నడవమన్నాడు. చీలమండ పట్టుకుని తిప్పి చూశాడు. దానియేలు మావయ్య నాన్న చెవిలో, "నడిపించి చూస్తున్నారంటే ఖాయం బావగారూ," అన్నాడు. నాన్న, "పళ్ళు కూడా లెక్కపెడతారేమో ఉండండి," అన్నాడు. ఇంతలో అమ్మ కనుసైగ చేసింది. అన్నయ్య చేతులు కట్టుకుని కీర్తన ఎత్తుకున్నాడు. శ్రుతి ఒక దారి, అన్నయ్య ఒక దారి. కోచ్ బిత్తరపోయాడు గానీ, చర్చిల ఊరి మనిషి కదా, ఆఖర్న ఆమెన్ అని గట్టిగా అన్నాడు.

వెళ్ళేముందు మెట్ల దగ్గర నిలబడి కోచ్ అన్న మాటలు నాకు బాగా గుర్తు. అమ్మకి ఇంగ్లీషు బాగా వచ్చు, అర్థం కాకపోవడమేమీ లేదు. "మీ అబ్బాయి మాకు కావాలమ్మా. కానీ అంత దూరం పంపడం చిన్న విషయం కాదు. మీరంతా కూర్చుని ఆలోచించుకోండి. సరే అనుకున్నప్పుడు హ్యారీకి ఒక్క మాట చెప్పండి," అన్నాడు. అమ్మ నోరు తెరిచింది. సరే అనడానికే తెరిచిందని నేను ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను. దానియేలు మావయ్య వెనకనుంచి దగ్గాడు. అమ్మ నోరు మూసుకుని నమస్కారం పెట్టింది.

వాళ్ళు దిగి వెళ్ళాక మావయ్య అరిసె కొరుకుతూ తీర్పు చెప్పాడు. "మంచి మర్యాదస్తుడు. మీరే చెప్పండి అనడం పెద్దమనుషుల మాటతీరు చెల్లెమ్మా. మనం దాన్ని పట్టుకుని పరిగెత్తకూడదు. చూసుకోడానికి వచ్చినవాళ్ళే కబురు చెయ్యాలి. మనంతట మనం వెళ్ళి అడిగామనుకో, పిల్లాడిలో ఏదో లోపముంది, వదిలించుకుంటున్నారు అనుకోరూ? చులకనైపోతాం." ఎంతమంది పెళ్ళిళ్ళు చేసిన మనిషి! ఆంటీలందరూ తలలూపారు. నాన్న ఒక్కడే, "వాళ్ళకి మన పద్ధతులు తెలుసా?" అన్నాడు. "మర్యాద ఎక్కడైనా ఒకటే బావగారూ," అన్నాడు మావయ్య. గంగారాం ఉండి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. అతనొక్కడే అటూ ఇటూ తిరిగే మనిషి. సరిగ్గా ఆ వారమే నాలుగు నెలల చుట్టీ మీద ఊరికి వెళ్ళిపోయాడు, చెల్లెలి పెళ్ళికి.

మేం ఎదురుచూశాం. అమ్మ రోలా బజారులో ఎవరికీ చెప్పకుండా ఒక ఉన్ని స్వెట్టరు కొని పెట్టెలో దాచింది. ఆ ఊళ్ళో కూడా ఎండలేనని హ్యారీ చెప్పినా ఆమెకి అమెరికా అంటే చలే. అన్నయ్య రోజూ బంతి తన్నేవాడు, ఇంటికొచ్చి, "ఎవరైనా వచ్చారా?" అనేవాడు. కొన్నాళ్ళకి తన్నడం తగ్గింది, అడగడం తగ్గలేదు. ఇంకొన్నాళ్ళకి అడగడమూ మానేసి, మెట్ల మీద బూట్ల చప్పుడైతే తలెత్తి చూసేవాడు. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఎవడో చదివి జవాబివ్వలేదని ఆ రెండు నీలం గీతల్ని చూసుకుంటూ అన్నం మానేస్తే, కాలం మారిందని చెప్పేవాళ్ళని చూసి నాకు నవ్వొస్తుంది. మారిందల్లా గుమ్మమే. అప్పుడు తలుపుకేసి చూసేవాళ్ళం, ఇప్పుడు అరచేతికేసి. ఒక సాయంత్రం బాల్కనీలో అన్నయ్య నాతో, "నేను నచ్చలేదేమోనే," అన్నాడు. "ఎందుకు నచ్చవు?" అన్నాను. "కీర్తన పాడకుండా ఉండాల్సింది," అన్నాడు. అంత పొడుగు మనిషి అలా అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగపిల్లాణ్ణి చూపులకి కూర్చోబెడితే వాడూ మాలాగే తనలో వంకలు వెతుక్కుంటాడని ఆ రోజు కళ్ళారా చూశాను. బంతిని బీరువా మీదికి ఎక్కించేశాడు.

పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. అన్నయ్యకి గోడౌన్ వీసా కాగితాలు నడుస్తున్నాయి. అప్పుడు గంగారాం ఊరినుంచి సకినాలు పట్టుకుని వచ్చాడు. హాల్లో పడుకుని ఉన్న అన్నయ్యని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందక్కా, ప్రభాకర్ నిజంగనే ఈడ్నే ఉన్నడు? మీరు జవాబే ఇయ్యలేదట గదా, ఒద్దనుకున్నరని మా సాబ్ మస్తు రంది పెట్టుకున్నడు."

"ఎవరన్నారు వద్దని?" అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "వాళ్ళే కదా కబురు చెయ్యనిది!"

"వాళ్ళెందుకు జేస్తరక్కా? మీరు సెప్పుమన్నరు గదా! పోరనోళ్ళు జవాబియ్యాలె, ఆళ్ళు ఆగుతరు. గదే ఆళ్ళ తరీక."

అమ్మ యూనిఫారం కూడా మార్చుకోలేదు. అన్నయ్యని లేపి, చొక్కా వేయించి, నన్ను కూడా ఎక్కించుకుని గంగారాం పికప్‌లో హ్యారీ ఇంటికి బయల్దేరింది. మెట్లు దిగుతుంటే దానియేలు మావయ్య ఎదురొచ్చి ఎక్కడికమ్మా అన్నా అమ్మ ఆగలేదు. ఇంకొకళ్ళ గుమ్మం ముందుకి తనంతట తను వెళ్ళి అడగడం అమ్మ జీవితంలో అదే మొదలు. హ్యారీ తలుపు తీసి, మమ్మల్ని చూసి, పక్కకి జరిగాడు. అమ్మ లోపల కూర్చోలేదు. నిలబడే, "మాకు ఇష్టమే. మొదటి రోజునుంచీ ఇష్టమే," అంది. హ్యారీ టోపీ తీసి నేలకేసి చూశాడు. "కోచ్ ఎన్నిసార్లు ఫోన్ చేశాడో. వాళ్ళు ఏమన్నారు, వాళ్ళు ఏమన్నారు అని. తొందరపెట్టకు, వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చెప్తారు అని నేనే ఆపాను," అన్నాడు. మర్యాద ఎక్కడైనా ఒకటేనన్న దానియేలు మావయ్య మాటలో తప్పేమీ లేదన్నమాట. అటువైపు కూడా ఒక దానియేలు మావయ్య ఉన్నాడు.

హ్యారీ అప్పుడే ఫోన్ కలిపాడు. అక్కడ పొద్దున్నట. లైను దొరికేదాకా మేం గోడవారగా నిలబడ్డాం. ఆయన ఇంగ్లీషు మాటల్లో నాకు అర్థమైంది కొంచెమే గానీ, అన్నయ్య మొహం చూస్తే మిగతాది అర్థమైంది. ఉన్నది ఒక్క చోటు, దాన్ని ఇంకో కుర్రాడికి ఇచ్చేశారు. వచ్చే ఏడు చూద్దామన్నాడు కోచ్. వచ్చే ఏటికి ఆయనే ఆ కాలేజీలో లేడు. తిరిగొచ్చేటప్పుడు పికప్‌లో గంగారాం, "ఏం జేస్తం అక్కా, ఖలాస్," అన్నాడు. అన్నయ్య, "అయితే నేను నచ్చానన్నమాట," అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. నాకు అమెరికా మీదా మర్యాదల మీదా ఆ రోజు పుట్టిన కోపం ఇంకా తగ్గలేదు. అన్నయ్య ఆ వేసవిలోనే గోడౌన్లో చేరాడు. అమ్మ ఆ సంగతి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. దానియేలు మావయ్య మాత్రం దేవుడి చిత్తం అనేశాడు. ఏదైనా చెడిపోతే ఆయన లెక్కలో అది దేవుడి ఖాతాలోకే వెళ్ళేది.

కొన్నేళ్ళకి నా వంతు వచ్చింది. ఇండియాలో చదువుకుని తిరిగొచ్చి నేనూ నర్సునయ్యాను. అదే హాలు, అదే మంచం గోడకి, అదే దానియేలు మావయ్య. అబ్బాయి అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో అకౌంటెంటు. వాళ్ళ నాన్నగారు, అక్కగారు ఇండియానుంచి వచ్చి ఉన్నారు. నేను పౌడరు రాసుకుని వంటింటి పొగలో కూర్చున్నాను, వచ్చి టీ ఇచ్చాను, అడిగినవాటికి జవాబులు చెప్పాను. అంతా పద్ధతిగా జరిగింది. ఆ పెద్దాయన కండువా సర్దుకుని లేస్తూ, "ఇంటికెళ్ళి ఆలోచించుకుని కబురు చేస్తామండి," అన్నాడు. దానియేలు మావయ్య, "అలాగే అలాగే," అన్నాడు.

అన్నయ్య వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గోడౌన్లో పెట్టెలు మోయించి మోయించి అప్పటికి ఇంకా వెడల్పయ్యాడు. "ఆలోచించుకోండి. ఇక్కడే ఆలోచించుకోండి బాబాయిగారూ. మేమందరం వంటింట్లోకి వెళ్తాం. అవునంటే అవును, కాదంటే కాదు. ఏదైనా మాకు ఫర్వాలేదు, చెప్పి వెళ్ళండి. మా చెల్లెలు గుమ్మంకేసి చూస్తూ కూర్చోవడానికి నేనొప్పుకోను," అన్నాడు.

మమ్మల్నందరినీ, దానియేలు మావయ్యతో సహా, వంటింట్లోకి తోలి తలుపు దగ్గరికి వేశాడు. అవతల గుసగుసలు. ఇవతల మావయ్య ఊపిరాడక దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నాడు. కాసేపటికి పెద్దాయన దగ్గి పిలిచాడు. "అమ్మాయి బంగారం బాబూ. కానీ మావాడికి కొంచెం పొడుగమ్మాయైతే..." అని నసిగాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ పట్టుకుని, "చాలా థాంక్సండీ," అని ఊపేసి, కిందిదాకా వెళ్ళి టాక్సీ ఎక్కించి వచ్చాడు. వద్దన్నవాళ్ళకి అంత మర్యాద చేసిన ఇల్లు షార్జా మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది. నేను ఆ పూట దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్ళాను. అక్కడితో అయిపోయింది. తర్వాత అవునన్నాయన కూడా మా హాల్లోనే, కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. ఆయనా పొట్టే.

ఆ రోజు వాళ్ళు వెళ్ళాక దానియేలు మావయ్య మా అన్నయ్య మీద విరుచుకుపడ్డాడు. "బంగారంలాంటి సంబంధం! ఎక్కడైనా ఇలా నిలేసి అడుగుతారా? నాలుగు రోజులాగితే వాళ్ళే అవుననేవారేమో! చూడు చెల్లెమ్మా నీ కొడుకు చేసిన పని. నువ్వైనా ఒక మాట చెప్పవేం?"

అమ్మ అన్నయ్యకి కంచం పెట్టింది. అన్నం వడ్డించింది. చెయ్యి వాడి తలమీద పెట్టి అలాగే ఉంచేసింది.

"వాణ్ణేమీ అనకండి అన్నయ్యగారూ," అంది. "ఆ రోజు మెట్ల దగ్గర నేను అనాల్సిన మాట, వాడు ఇవాళ అన్నాడు."